జానెడు ఒండ్రు

తెల్లవారుతూనే రాఘవమ్మ తప్పకుండా చేసే పని ఒకటుండేది. వాకిలి ఊడ్చి, ముగ్గు వేసి, స్నానం చేసి, ఇంటి పక్కనున్న రేకుల షెడ్డులోకి పోయేది. అక్కడ కర్రను తిప్పి చెక్కే లేత్ మిషను ఉంది. దాని ముందు ప్రమిద పెట్టి దీపం వెలిగించేది. వెలిగించే ముందు, నిన్నటి ప్రమిదలో అడుగున మిగిలిన నూనెను మూడు వేళ్ళతో తీసి కుడి భుజానికి రాసుకునేది. తొందరేమీ ఉండేది కాదు. కళ్ళు మూసుకుని, పెదవులు కదుపుకుంటూ, మెడ దగ్గర నుంచి మోచేతి దాకా రాసుకుని, అప్పుడు కొత్త నూనె పోసేది.

ఆమె భర్త బసవపున్నయ్య దాన్ని భక్తి అనుకున్నాడు. ఒక ఏడు కాదు, రెండేళ్ళు కాదు, పదిహేనేళ్ళు అలాగే అనుకున్నాడు. షెడ్డుకు వచ్చినవాళ్ళతో మురిసిపోతూ చెప్పేవాడు కూడా.

"మా ఇంటామె దీపంల నూనె చుక్క గూడ పారబోయదు. పసాదం లెక్క ఒంటికి రాసుకుంటది. నేను చేసిన పూజలన్నీ ఒకెత్తు, ఆమె రాసుకునే ఆ నూనె ఒకెత్తు."

రాఘవమ్మ ఆ మాట విని తల వంచుకుని ఉలి నూరుకునేది.

బసవపున్నయ్యది మధిర అవతలి ఊరు. వ్యవసాయ కుటుంబంలో పుట్టాడు గాని, చేతికి నాగలి కన్నా ఉలి నచ్చింది. పద్దెనిమిదేళ్ళప్పుడు ఖమ్మం పోయి, వెంకటప్పయ్య అనే వడ్రంగి దగ్గర కుదిరాడు. మంచంకోళ్ళు, ఉయ్యాల గుబ్బలు, కవ్వాలు, బొంగరాలు, కుంకుమ భరిణెలు, తిప్పి చెక్కేవన్నీ అక్కడే నేర్చుకున్నాడు. పెళ్ళయి, కూతురు సుబ్బరత్నం పుట్టి, ఆ పిల్ల బడికి పోయే నాటికి సారపాక చేరాడు. అక్కడైతే కొత్త కాపురాలు పెట్టేవాళ్ళకు మంచాలు కావాలి, తర్వాత కాగితం మిల్లు వచ్చాక మరీను. వంతెన దాటితే భద్రాచలం. రాములవారిని చూసిపోయేవాళ్ళు ఒక భరిణెనో బొంగరమో కొనకుండా పోరు.

డెబ్బై నాలుగులో లేత్ నిలబెట్టినప్పుడు గురువు వెంకటప్పయ్యే బస్సెక్కి వచ్చాడు. చంకలో ఒక టేకు కర్ర, చేతిలో కొబ్బరికాయ.

"చెప్పులిప్పి నిలబడు. చెయ్యి మడువు," అన్నాడు.

బసవపున్నయ్య నిలబడ్డాడు. ఆరడుగుల మనిషి, గడప దాటాలంటే తల వంచాలి. గురువు ఆ టేకు కర్రను నేల మీద ఆనించి, అతని మోచేతి కింద గీత గీసి, ఆ గీత దగ్గర రంపంతో కోశాడు.

"ఇది దగ్గర పెట్టుకో. చేసే మనిషి మోచెయ్యి ఎక్కడుంటదో, మిషను మీద తిరిగే కర్ర అక్కడుండాలె. కిందికుంటే నడుం పోతది, పైకుంటే భుజం పోతది. ఎత్తు కుదిరిన మిషను మీద పొద్దంతా చేసినా పొద్దు పోయినట్టుండదు. తెలిసిందా?"

"తెలిసింది గురువుగారూ."

రెండు రాతి స్తంభాలను మూడడుగుల లోతున పాతి, వాటి అడుగున నవధాన్యాలు పోసి, సిమెంటు వేసి, వాటి మీద లేత్ బిగించారు. పసుపు రాసి బొట్లు పెట్టారు. కొబ్బరికాయ కొట్టి గురువు అన్నాడు, "ఇగ ఇది దేవుణ్ణి కూసోబెట్టినట్టే. దీన్ని కదపొద్దు." బసవపున్నయ్య రాళ్ళకు చెయ్యి తాకించి కళ్ళకద్దుకున్నాడు. టేకు కర్రకు కూడా బొట్టు పెట్టి, షెడ్డు వాసానికి పైన దోపాడు.

సిమెంటులోకి నీళ్ళు పోసింది రాఘవమ్మే. అందరికీ మజ్జిగ ఇచ్చిందీ ఆమే. ఆమె తల అతని గుండెల దాకా వస్తుంది. ఆమెను చెయ్యి మడవమని ఎవరూ అనలేదు. అనాలని ఎవరికీ తోచలేదు కూడా, ఎందుకంటే అప్పటికి ఆమె పని పక్కనున్న పెద్ద చక్రం తిప్పడం. కరెంటు ఇంకా రాలేదు. ఆమె చక్రం తిప్పితే తాడు కదిలేది, తాడు కదిలితే లేత్ మీద కర్ర తిరిగేది. అతను ఉలి ఆనించేవాడు. నాలుగేళ్ళు అలా తిప్పింది. తిప్పుతూ తిప్పుతూ అతని చేతులనే చూసింది.

మోటారు వచ్చిన రెండేళ్ళకు, ఎనభైలో, మంచంకోడు చెక్కుతుంటే తుమ్మ చెక్క చిట్లి బసవపున్నయ్య కుడి కంట్లో పడింది. కన్ను నిలిచింది గాని చూపు మసకబారింది. ఒక కంటితో చూస్తే ఉలి ఎంత దూరంలో ఉందో తెలిసేది కాదు. రెండుసార్లు ఉలి ఎగిరి చేతికే తగిలింది. మూడోసారి తగలకముందే రాఘవమ్మ వచ్చి ఉలి అందుకుంది.

"జరుగు. కర్రలు కోసియ్యి, రంగులెయ్యి, గుడికాడ అమ్ముకరా. ఇది నేను చూసుకుంటా."

"నీకొచ్చా?"

"నాలుగేండ్లు చక్రం తిప్పినప్పుడు నేను గోడ చూసినా అనుకున్నవా?"

నిజంగానే వచ్చింది. అతనికన్నా బాగా వచ్చింది. అంకుడు చెక్కతో ఆమె చేసిన భరిణెకు మూత పెడితే గాలి కూడా చొరబడనంత బిగువు. మూత తీసేటప్పుడు చిన్న చప్పుడు వచ్చేది. ఆ చప్పుడు వింటే చాలు, గుడి మెట్ల దగ్గర ఆడవాళ్ళు బేరం మానేసేవారు.

మొదటి వారంలోనే లేత్ తనకు పైనుందని ఆమెకు తెలిసింది. మోచెయ్యి కోడి రెక్కలాగ పైకి లేపితే గాని ఉలి ఆనదు. ఇంట్లోంచి భోజనాల పీట తెచ్చి, కింద వేసుకుని, దాని మీద నిలబడి చేసింది. సరిగ్గా అప్పుడే పోతయ్య బండి తోలుకుని వచ్చాడు. పోతయ్య కలప డిపో నుంచి కర్ర తెచ్చే బండివాడు. మంచివాడే గాని, నోటికి తాళం లేదు.

"ఓ బసవన్నా! మీ ఇంటామె స్టేజీ ఎక్కిందిరో! మైకు తెమ్మంటవా? ఓట్లు మాకేనా వదినా?"

మంచాల కోసం వచ్చిన మిల్లు పనివాళ్ళు నలుగురు నవ్వారు. బసవపున్నయ్య కూడా నవ్వాడు. నవ్వి ఊరుకున్నా బాగుండేది. వాళ్ళు పోయాక ఆమెతో మెత్తగానే అన్నాడు.

"అన్నం తినే పీట గదనే. దాని మీద కాళ్ళు పెట్టి, అదీ స్థాపన చేసిన దాని ముందర... ఏం బాగుంటది?"

రాఘవమ్మ పీట తీసి కడిగి, బొట్టు పెట్టి, ఇంట్లో గోడకు ఆనించింది. మళ్ళీ ఎప్పుడూ దేని మీదా నిలబడలేదు. ఆ నెలలోనే భుజానికి దీపంలో నూనె రాసుకోవడం మొదలైంది. ఈ రెండింటినీ బసవపున్నయ్య పక్కపక్కన పెట్టి చూడలేదు.

ఆమెకు ఇంకో అలవాటుండేది. ఏటా నవమికి ముందు ఒక భరిణె అమ్మకుండా పక్కన పెట్టేది. కల్యాణం అయ్యాక గోదారి మెట్ల మీద కూర్చుని, వచ్చేపోయేవాళ్ళలో ఎవరో ఒక పరాయి ఊరి ముత్తయిదువను పిలిచి, బొట్టు పెట్టి, ఆ భరిణె చేతిలో పెట్టేది. పేరడిగేది కాదు, ఊరడిగేది కాదు. "సీతమ్మకు ముట్టినట్టే," అనేది. ఒక ఏడు చిరిగిన చీర కట్టుకున్న ఆమెను చూసి ఇచ్చింది, ఇంకో ఏడు పోట్లాడుకుంటూ పోతున్న కొత్త జంటను ఆపి ఇచ్చింది. ఆ జంట భరిణె మూత తీయడానికి తంటాలు పడి, నవ్వుకుంటూ పోయారట. అది చెప్పి చెప్పి మురిసిపోయేది.

ఎనభై ఆరు శ్రావణంలో గోదారి పొంగింది. ఏటి పక్కనున్న ఇళ్ళన్నీ ఖాళీ చేసి ఎత్తు మీద బడికి పోవాల్సి వచ్చింది. బసవపున్నయ్య మోటారు విప్పి భుజాన వేసుకున్నాడు. రాఘవమ్మ ఉలులను చీరలో చుట్టి చంటిపిల్లలాగ ఎత్తుకుంది. వాసానికి దోపిన టేకు కర్రను కూడా మరిచిపోలేదు. నీళ్ళు తీశాక తిరిగొచ్చేసరికి గోడలు నానిపోయి, ఇంట్లో, షెడ్డులో జానెడు ఎత్తున ఒండ్రుమట్టి పేరుకుని ఉంది. నల్లగా, మెత్తగా, పెరుగులాగ.

ఇంట్లో మట్టిని పదిహేను రోజులు తట్టలతో ఎత్తిపోశారు. షెడ్డు వంతు వచ్చేసరికి రాఘవమ్మ అంది, "దీనికేం తొందర? ఎండనియ్యి." ఎండాక తనే నీళ్ళు చల్లి, దిమ్మిస వేసి గట్టిగా కొట్టి, పేడతో అలికింది. ఆమెకు తవ్వే ఓపిక లేదని బసవపున్నయ్య అనుకున్నాడు. పాపం, వరదలో అలిసిపోయింది అనుకున్నాడు.

ఆ తర్వాతి ఆరునెలలూ షెడ్డులో పాటలే. అంతకుముందు పని చేసేటప్పుడు ఆమె నోరు విప్పేది కాదు. ఇప్పుడు కీర్తనలు, పెళ్ళిపాటలు, బతుకమ్మ పాటలు, ఏది నోటికొస్తే అది. ఆ రోజుల్లోనే చాంది పనిలోకి వచ్చింది. చండ్రుగొండ అవతలి తండా పిల్ల, కొత్తగా పెళ్ళయింది. ఆమె మొగుడు రామ్‌చందర్ వెదురు లోడింగు పని మీద సారపాక వచ్చాడు. చాంది భరిణెలకు లక్క రంగులు వేసేది.

"పెద్దమ్మా, నీకు గింత గొంతు ఉందని నాకెవరూ చెప్పలే," అనేది చాంది.

"నాకూ ఇప్పుడే తెలిసిందే," అనేది రాఘవమ్మ.

బసవపున్నయ్యకు మాత్రం ఒక సంగతి మనసులో ముల్లులాగ గుచ్చుకునేది. ఆమె దీపం పెడుతోంది గాని నూనె రాసుకోవడం లేదు. ప్రమిద అడుగున నూనెలో చీమలు చచ్చి ఉండేవి. ఒకరోజు అడిగాడు.

"ఏమే, నూనె పారబోస్తున్నవా ఏంది?"

"అవ్. ఎందుకు, అక్కర లేదు గద."

ఆ మాటకు అతను లోలోపల బాధపడ్డాడు. గోదారి ఇల్లు ముంచితే మనిషికి దేవుడి మీద నమ్మకం సడలడం మామూలే, అదే పట్టింది ఈమెను అనుకున్నాడు. గుడికి పోయినప్పుడు ఆమె కోసం ఒక దండం ఎక్కువ పెట్టేవాడు.

మాఘమాసంలో కూతురు సుబ్బరత్నం పురిటి రోజులు దగ్గరపడ్డాయి. ఇల్లు ఇంకా చెమ్మగా ఉంది, పిల్లను పురిటికి తేవడానికి లేదు. అందుకని రాఘవమ్మే ఖమ్మం దగ్గర ఖానాపురం హవేలికి, కూతురింటికి పోయి మూడు వారాలు ఉంది. ఒంటరిగా ఉన్న బసవపున్నయ్యకు ఒక ఆలోచన వచ్చింది. ఆమె వచ్చేసరికి షెడ్డును మళ్ళీ మునుపటిలాగ చేయాలి. గురువు నిలబెట్టిన రాళ్ళు జానెడు మట్టిలో కూరుకుపోయి ఉన్నాయి. అవి అలా ఉన్నందుకే ఆమె మనసు అలా అయిందేమో.

గడ్డపార తీసుకుని తవ్వాడు. దిమ్మిసతో కొట్టిన ఒండ్రు రాయిలా ఉంది. మసక కన్నుతో, నడుం పట్టుకుని, రోజుకు నాలుగు మూరల చొప్పున తవ్వాడు. అరచేతులు పొక్కులెక్కి పగిలాయి. చాంది వచ్చి చూసింది.

"పెద్దనాయినా, పెద్దమ్మను అడిగినవా?"

"అడిగితే చేయనిస్తదా? వచ్చినంక చూసి మురవాలె."

పాత నేల బయటపడ్డాక ఎర్రమట్టితో అలికి, రాళ్ళు కడిగి, పసుపు రాసి, బొట్లు పెట్టాడు. మనవరాలు పుట్టిందన్న సంతోషంతో బస్సు దిగి వచ్చిన రాఘవమ్మను చెయ్యి పట్టుకుని నేరుగా షెడ్డులోకి తీసుకుపోయాడు.

ఆమె గడపలో నిలబడి చాలాసేపు చూసింది. అతను అరచేతులు చాపి పొక్కులు చూపించాడు, బడిపిల్లవాడు పలక చూపించినట్టు. ఆమె ఆ చేతులను తన చేతుల్లోకి తీసుకుంది.

"బాగుంది," అంది. "చానా బాగుంది."

కళ్ళనీళ్ళు తిరిగాయి ఆమెకు. అతను అవి సంతోషంతో వచ్చాయనుకున్నాడు. ఆమె లోపలికి పోయి కొబ్బరినూనె తెచ్చి అతని పొక్కులకు రాసింది.

మర్నాడు తెల్లవారి, దీపం పెట్టే ముందు, ప్రమిదలో మిగిలిన నూనె తీసి భుజానికి రాసుకుంది. వాకిట్లోంచి చూసిన బసవపున్నయ్య కళ్ళు మూసుకుని భద్రాద్రి వైపు తిరిగి దండం పెట్టాడు. నా మొర విన్నావు తండ్రీ, అనుకున్నాడు.

దాదాపు తొమ్మిదేళ్ళు గడిచాయి.

తొంభై ఐదు దసరా దాటాక ఒకరోజు రాఘవమ్మ చెయ్యి పైకి లేవలేదు. జడ వేసుకోలేకపోయింది, చాంది వచ్చి వేసింది. తలంటు పోసుకోలేకపోయింది. రాత్రిళ్ళు ఆ పక్కకు ఒత్తిగిలలేక కూర్చునే తెల్లవార్చేది. వాతమేమో అని కాపడం పెట్టారు, పసరు రాశారు. ఏమీ లాభం లేక భద్రాచలంలో దవాఖానాకు పోయారు. అక్కడ నిర్మలాదేవి అనే డాక్టరమ్మ, నిదానం మనిషి, చేతిని ఇటూ అటూ కదిపి చూసి అడిగింది.

"ఏం పని చేస్తవమ్మా?"

"లేత్ మీద భరిణెలు చేస్తనమ్మా."

"ఎట్ల నిలబడి చేస్తవో చూపించు."

రాఘవమ్మ లేచి నిలబడింది. ఎడమ చెయ్యి సులువుగా లేచింది. కుడి చేతిని ఎడమ చేత్తో పట్టి, మోచెయ్యి పైకి ఎత్తి చూపించింది. రెండు చేతులూ గాలిలో ఉన్నాయి, ఎత్తు మీదున్న ఉట్టిని అందుకుంటున్నట్టు.

"గంత పైకా? రోజుకు ఎంతసేపు?"

"పొద్దటి నుంచి దీపాల యాల్ల దాకా."

"ఎన్నేండ్ల నుంచి?"

"పదిహేనేండ్లు. నడుమ ఆరు నెలలు తప్ప."

డాక్టరమ్మ కాగితం మీద రాసుకుంటూ అంది, "పని ఎప్పుడూ మోచేతి ఎత్తులో ఉండాలమ్మా. పైకుంటే భుజం అరిగిపోతుంది. ఈ చెయ్యి ఇక ఆ పనికి పనికిరాదు. నొప్పి తగ్గడానికి మందులు రాస్తా, అంతే."

బసవపున్నయ్య పక్కన బల్ల మీద కూర్చుని ఉన్నాడు. పైకుంటే భుజం పోతది. ఆ మాట అతనికి కొత్త కాదు. ఇరవై ఒక్క ఏళ్ళ కింద చెప్పులిప్పి నిలబడి విన్నాడు. తెలిసింది గురువుగారూ అన్నాడు.

తిరిగి వస్తూ వంతెన మీద నడిచారు. కింద గోదారి సన్నగా పారుతోంది. సగం దూరం పోయాక అతను ఆగాడు.

"ఏ ఆరు నెలలు?"

"ఏంది?"

"డాక్టరమ్మకు చెప్పినవ్ గద. నడుమ ఆరు నెలలు తప్ప అని. ఏ ఆరు నెలలు?"

రాఘవమ్మ కమ్మి మీద చెయ్యి ఆనించి నీళ్ళ వైపు చూసింది. "ఇప్పుడెందుకయ్యా అవి."

"చెప్పు."

"వరద తర్వాత. మట్టి మేట వేసింది గద. దాని మీద నిలబడితే మిషను నా చేతికి సక్కగ అందింది. గోదారమ్మ వచ్చి నా ఎత్తు కొలిచి పోయింది అనుకున్నా."

అతనికి పాటలు గుర్తొచ్చాయి. ప్రమిదలో చచ్చిన చీమలు గుర్తొచ్చాయి. నూనె అక్కర లేదు గద అన్న మాట గుర్తొచ్చింది.

"నేను తవ్విన."

"అవ్."

"నాకెందుకు చెప్పలే? ఒక్క మాట అంటే అయిపోయేది గద!"

"ఎట్ల చెప్పాలె? చేతులు చాపి పొక్కులు చూపిస్తివి. రక్తం కారుతుండె. నా కోసరమే గద తవ్వినవ్. ఆ చేతులు చూసినంక, ఎందుకు తవ్వినవయ్యా అని ఏ ఆడది అంటది?" కాసేపాగి నవ్వింది. "పీట సంగతి కూడా అట్లనే పోయింది. నీ తప్పేం లేదు. నేను గూడ నోరున్న మనిషినే గద."

నీ తప్పేం లేదు అన్న ఆ మాటే అతన్ని ఎక్కువ కోసింది. తిట్టినా పడేవాడు.

ఇంటికి వచ్చాక వాసానికి దోపిన టేకు కర్ర తీశాడు. "ఇట్ల నిలబడు. ఎడమ చెయ్యి మడువు," అన్నాడు. ఆమె నిలబడింది. కర్రను ఆమె పక్కన నేల మీద ఆనించాడు. ఆమె మోచేతి పైన కర్ర ఇంకా మిగిలి ఉంది. మిగిలినంత మేర చెయ్యి చాపి కొలిచాడు. బొటనవేలి నుంచి చిటికెన వేలి దాకా. సరిగ్గా జానెడు.

గురువు చెప్పింది చేసే మనిషి మోచెయ్యి అని. ఆ కర్రకు ఇరవై ఒక్క ఏళ్ళు బొట్టు పెట్టాడు గాని, ఇంకొక మనిషి పక్కన నిలబెట్టి చూడలేదు. అది నిమిషం పని. బసవపున్నయ్య చెక్కపొట్టులో కూలబడ్డాడు.

"రాళ్ళు పీకేస్తా," అన్నాడు. "పగలగొట్టి కిందికి దించుతా."

"వద్దు. గురువుగారి చెయ్యి పడ్డది. పైగా ఎవరు చేస్తరని ఇప్పుడు?"

"నవమి భరిణె ఒక్కటి చెయ్యవూ? ఎత్తు కుదిరితే ఒక్కటి చెయ్యలేవూ?"

ఆ ప్రశ్న వినగానే ఆమె కళ్ళు ఒక్కసారి లేత్ వైపు పోయి వచ్చాయి. అది చూశాడు అతను. పదిహేనేళ్ళలో ఆమె చెప్పని మాటను అతను చూడగలిగింది అదే మొదటిసారి.

మాఘంలో పోతయ్యను పిలిచి, ఏట్లో ఒండ్రు తెమ్మన్నాడు. పోతయ్యకు జుట్టు నెరిసింది, నోరు మాత్రం అట్లాగే ఉంది. అయినా సంగతి విన్నాక మాట్లాడకుండా మూడు బండ్ల మట్టి తోలాడు. చివరి బండి దించి, తువ్వాల తీసి మొహం తుడుచుకుని రాఘవమ్మ ముందు నిలబడ్డాడు.

"వదినా, ఆ దినం నేను నోరు మూసుకుంటే అయిపోయేది."

"నువ్వు మైకు తెస్తానని తేలేదు గద పోతన్నా, అందుకే స్టేజీ దిగిన," అంది రాఘవమ్మ.

పోతయ్య నవ్వలేకపోయాడు. కిరాయి తీసుకోకుండా ఎడ్లను అదిలించుకుని పోయాడు.

బసవపున్నయ్య మట్టి పరిచి, నీళ్ళు చల్లి, వారం రోజులు దిమ్మిస వేశాడు. ప్రతి సాయంత్రం టేకు కర్ర మీద జానెడు కింద గీసుకున్న కొత్త గీతతో సరిచూసుకునేవాడు. చాంది పేడతో అలికింది. నేల ఆరాక మంచిరోజు చూసి, పొద్దున్నే రాఘవమ్మ స్నానం చేసి వచ్చి దీపం పెట్టింది. లేత్ ముందు నిలబడింది. బసవపున్నయ్య అంకుడు చెక్క బిగించి మోటారు నొక్కాడు.

మోచెయ్యి పక్కకు లేవలేదు. ఒంటికి ఆనుకునే ఉంది. ఉలి ఆనించే ఇనుప పట్టె ఆమె చేతికి సరిగ్గా అందింది. ఉలి తాకగానే తెల్లటి పొట్టు పట్టుదారంలాగ లేచి ఆమె మణికట్టు మీద పడింది. బసవపున్నయ్య చూస్తున్నాడు. రెండు చుట్లు, మూడు చుట్లు. భరిణె పొట్ట గుండ్రం తేలుతోంది.

అప్పుడు ఆమె వేళ్ళు వణికాయి. ఉలి ఎగిరి చెక్క మీద లోతైన గాటు పడింది. ఆమె మళ్ళీ ఆనించింది. మళ్ళీ వణికింది. మూడోసారి చెయ్యి తనంతట తానే కిందికి జారిపోయింది, తడిబట్ట జారినట్టు. అతను మోటారు ఆపాడు. చాంది కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఎత్తు మాత్రం కుదిరిందయ్యా," అంది రాఘవమ్మ. "అచ్చం గప్పటి లెక్కనే ఉంది."

అతను మొహం పక్కకు తిప్పుకున్నాడు.

ఆమె గాటు పడిన చెక్కను తనే విప్పి, కొంగుతో తుడిచి పక్కన పెట్టింది. ఎడమ చేత్తో ఉలి తీసి చాంది వైపు చాపింది.

"రా. పదేండ్లు రంగులేసుకుంట నా చేతులే చూసినవ్ గద. నిలబడు."

"నేనా పెద్దమ్మా? నవమి భరిణె నేను చేస్తే..."

"చేస్తే ఏమైతది? సీతమ్మ తండా అడుగుతదా, ఊరు అడుగుతదా? రా."

చాంది చేతులు కడుక్కుని, దీపానికి దండం పెట్టి, లేత్ ముందు నిలబడింది. కొత్త చెక్క బిగించారు. మోటారు తిరిగింది. చాంది ఉలి ఆనించింది. భయం భయంగానే అయినా పొట్టు లేచింది.

రాఘవమ్మ పొట్టు చూడలేదు, చెక్క చూడలేదు. నాలుగడుగులు వెనక్కి వేసి చాంది వీపు చూసింది. చాంది ఆమెకన్నా పొడుగు. బసవపున్నయ్య అంత కాదు గాని, పొడుగే. పట్టె అందుకోవడానికి నడుం వంచి, మెడ ముందుకు చాచి నిలబడింది. మొహంలో సంతోషం ఉంది, నడుము సంగతి ఆమెకే తెలియలేదు.

"ఆపు," అంది రాఘవమ్మ. "నడుం ఎట్లుందే?"

"ఏం కాలే పెద్దమ్మా, బాగనే ఉంది."

"నేను గూడ గట్లనే అన్న."

ఆమె టేకు కర్ర తీసుకుని చాంది పక్కన నిలబెట్టింది. చెయ్యి మడవమంది. బసవపున్నయ్య గీసిన కొత్త గీతకు పైన, గురువు కోసిన కొసకు కింద, నడుమ ఎక్కడో వచ్చింది చాంది మోచెయ్యి. రాఘవమ్మ గోటితో అక్కడ గాటు పెట్టింది. కొత్త గీత నుంచి ఆ గాటు దాకా నాలుగు వేళ్ళు అడ్డం పెట్టి కొలిచింది. తర్వాత భర్త వైపు తిరిగింది. ముప్పై ఏళ్ళు పైబడిన కాపురంలో ఆమె అతన్ని నోరు తెరిచి ఏదీ అడిగిన గుర్తు లేదు.

"ఏమయ్యా, నాకొక ఉపకారం చేస్తవా?"

"చెప్పవే."

"ఈ మట్టి నాలుగు వేళ్ళ లోతు తవ్వియ్యి. చాంది చేతికి వచ్చిందాక. గడ్డపారకు గుడ్డ చుట్టుకో, పొక్కులు రాకుండ." ఆగి, పొట్టు అంటిన అతని భుజం దులిపింది. "ఈసారి నేను ఎటూ పోను. ఈడనే పీట ఏసుకోని కూసుంట. చాలు అని నేననే దాక తవ్వు. నేను చాలన్నంక మాత్రం ఒక్క తట్ట గూడ ఎత్తకు."